ఎడమ రెక్క కాయిల్

గల్ఫ్‌లోని ముహర్రక్ ఊళ్లో ఒక సందు చివర, మేమంతా అన్నా అని పిలిచే ఒకాయన దుకాణం ఉండేది. పాత పిన్‌బాల్ మిషన్లు బాగుచేసి అమ్మేవాడు. వాలుగా ఒక బల్ల, పైన అద్దం, లోపల ఇనుప గోళీ, అది కిందికి జారిపోకుండా తిప్పికొట్టే రెండు చిన్న రెక్కలు. హూరా వైపు హోటళ్లవాళ్లు వద్దనుకుని బయట పడేస్తే ఈయన ఎత్తుకొచ్చేవాడు. ఆయనది జగిత్యాల వైపు, నాది కాకినాడ వైపు. అక్కడ వారం సెలవు శుక్రవారమే, ఆ రోజు చర్చి అవగానే నేను నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. నాకు గోళీల పిచ్చి పట్టిందని రూంలో వాళ్లు ఏడిపించేవారు. పట్టింది, కాదనను. ఇప్పుడు ఆయన లేడు.

వ్యాపారం మాత్రం ఆయనకు బొత్తిగా చేతకాలేదు. ఆయన దగ్గర కొనుక్కున్న మన మిషన్‌లో ఏదైనా కాలిపోతే ఆ సామాను బయట దొరకదు. అప్పుడు ఆయన మూలనున్న తన సొంత మిషన్ అద్దం తీసి, దాంట్లోంచి ఊడదీసి ఇచ్చేసేవాడు. ఈ దేశం వచ్చాక మొదట బాగుచేసింది అదేనట, అమ్మకానికి పెట్టలేదు. నా మిషన్‌లో ఎడమ రెక్కను కదిలించే కాయిల్ కాలినప్పుడూ అంతే. వద్దన్నా వినలేదు.

“నాది ఆగితే నేను ఊకుంట. నీది ఆగితే రోజూ వచ్చి నా పానం తింటవు తమ్మీ,” అన్నాడు.

అలా ఇచ్చి ఇచ్చి చివరికి ఆయన మిషన్ మూగబోయింది. దాని మీద చాయ్ గ్లాసులు పెట్టుకునేవాళ్లం.

నిరుడు ఆయనకు జబ్బు ముదిరింది. ఊరెళ్లిపొమ్మన్నారు డాక్టర్లు. దుకాణమంతా ఖాళీ చేశాడు గానీ ఆ మిషన్‌ను మాత్రం కదలనివ్వలేదు.

“పోయేముందు ఒక్కసారి దీన్ని ఆడాలనుండె,” అన్నాడు. ఆయన తనకోసం ఏదైనా కోరగా నేను వినడం అదే మొదలు.

ఫ్లైటు రోజు పొద్దున, ఆయన దగ్గర సామాను తీసుకున్న ముగ్గురం ఎవరి ముక్కలు వాళ్లు ఊడదీసి తెచ్చాం. నేను ఉండే అరాద్ నుంచి కాయిల్‌ను జేబులో వేసుకొచ్చాను. అన్నీ బిగించాక దీపాలు వెలిగాయి. ఆయన స్టూలు మీద కూర్చునే ఆడాడు. మొదటి గోళీ రెక్కల మధ్య నుంచి వెంటనే జారిపోయింది. రెండోది చాలాసేపు నిలిచింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

గోళీ పడిపోగానే ప్లగ్ పీకించి స్క్రూడ్రైవర్ అడిగాడు. ఇంకేదో సరిచేస్తాడనుకున్నాం. అద్దం తీయించి, నా కాయిల్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

“అదేంటన్నా, దీన్ని ఇలాగే ఉంచండి. మేం చూసుకుంటాం,” అన్నాను, కోపంగానే.

“రేపటి సంది దీన్ని ఎవరాడుతరు? నీది నడవాలె. తీస్కపో.”

మిగతా ఇద్దరివి కూడా ఊడదీయడం మొదలుపెట్టాడు. నేను కాయిల్‌ను జేబులో వేసుకున్నాను. అది ఇంకా వేడిగానే ఉంది.