అత్త నమ్మని ఫోటో

చుక్కల మందు పడగానే కళ్ళు భగ్గుమన్నాయి. కాసేపటికి గోడ మీది అక్షరాలు అలుక్కుపోయాయి. సేలం దగ్గరి ధర్మపురిలో కంటి పరీక్షకని బల్ల మీద కూర్చున్న నాకు ఆ మంటతోనే మా మేనత్త రాజమ్మ గుర్తొచ్చింది. ఆవిడే ఉంటే ఈపాటికి మందు సీసా లాక్కుని, పాతదేమోనని తిప్పి తిప్పి చూసేది.

మామ పోయాక బజారులో చింతపండు మండీని అత్త ఒంటిచేత్తో నడిపింది. నా చదువయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని వ్యాపారం నేర్పింది. నేర్పిందల్లా ఒకటే, ఎవరినీ నమ్మొద్దని. పక్క ఊరు ఇండూరు నుంచి మూట వస్తే పైన నిగనిగలాడే పండు వంక చూసేదే కాదు. చెయ్యి అడుగుదాకా దూర్చి పిడికెడు తీసి వెలుతురులో పట్టి చూసేది. "పైన పెట్టేది మనకు చూపించేదానికిరా. అమ్మేది కింద ఉంటుంది," అనేది. చీటికీ మాటికీ అనుమానమే, నా మీద కూడా. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ మండీ ఏనాడూ మోసపోలేదు.

అత్తకు చాలా ఏళ్ళుగా షుగరు. ఒకసారి వీధి చివరి కల్యాణమండపంలో ఉచితంగా కళ్ళు చూస్తున్నారంటే బలవంతాన తీసుకెళ్ళాను. "ఊరకనే ఎవడురా చూసేది? కండ్లద్దాలు అంటగట్టేదానికి గాని," అని దారంతా సణిగింది. అక్కడొక అమ్మాయి ఆవిడ గడ్డాన్ని చట్రానికి ఆనించి, కెమెరాతో కంటి లోపలి ఫోటో తీసింది. తెర మీద నారింజ రంగు గుండ్రం, అందులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. "షుగరు వల్ల కంటి వెనక సన్న రక్తనాళాలు కారుతున్నాయి అవ్వా. ఇప్పుడే పెద్దాసుపత్రిలో చూపిస్తే చూపు నిలుస్తుంది," అని తమిళంలో చెప్పింది.

అత్త నవ్వేసింది. "పండులో ఈనె ఎక్కడుందో ఇక్కడినుంచే చెప్తా. నాకా కండ్లు పోయేది?" బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "చూసినావా, ఇప్పుడే పో, ఇప్పుడే పో అంటాంది. తొందరపెట్టేవాళ్ళే మోసం చేసేవాళ్ళు." నేను బతిమాలాను. చివరికి, "సీజను అయిపోనీ, సేలంలో వేరే డాక్టరుకు చూపిస్తా. ఈ ఫోటో సంగతి మాత్రం ఆయనకు చెప్పొద్దు. ఇద్దరూ ఒకే మాటంటేనే నమ్మేది," అని తేల్చేసింది.

సీజను ఇంకా నడుస్తుండగానే ఒక పొద్దున మండీలో కూర్చున్న అత్త కుడి కన్ను మూసుకుని, "ఏమిరా, గాల్లో బూజు వేలాడతాంది?" అంది. గాల్లో ఏమీ లేదు. నెత్తురు కారింది ఆవిడ ఎడమ కంట్లో. సేలం తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరుకు పాత ఫోటో సంగతి మేమేమీ చెప్పలేదు. ఆ డాక్టరు కూడా ఫోటో తీసి, ఆ అమ్మాయి చెప్పిన మాటే చెప్పాడు. లేజరుతో కుడి కన్ను దక్కింది. ఎడమ కన్ను మసకగానే ఉండిపోయింది.

తిరుగు బస్సులో అత్త ఒక్కో కన్నూ మూసి కిటికీలోంచి చూసుకుంది. "ఆ పిల్ల నిజమే చెప్పిందిరా," అంది ఉన్నట్టుండి. "ఊరందరినీ అనుమానిస్తిని. నా కండ్లను మాత్రం అనుమానించలే." నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడే కొంగుతో నా మొహం తుడిచింది. "ఊరుకోరా. అనుమానపడింది తప్పు కాదు. అనుమానం వచ్చినాక కదలకుండా కూర్చుంటిని చూడు, అదిరా తప్పు."

ఇప్పుడు నాకూ షుగరే. ఇవాళ ఫోటో తీసినతను, "చిన్న చుక్కలున్నాయి సార్, సేలంలో చూపించుకోండి," అన్నాడు. నాకు చూపు భేషుగ్గా ఉంది. వెంటనే లోపల అనుమానం పురుగు తొలిచింది. సేలమే ఎందుకు? ఇతనికి అక్కడ కమీషనా? అసలిది నా కంటి ఫోటోనేనా? అన్నీ అడిగాను. అతను ఓపిగ్గానే చెప్పాడు. ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు.

అయినా ఇంటికి పోలేదు. నేరుగా బస్టాండుకు వెళ్ళాను. మందు దిగని కళ్ళకు బోర్డులేవీ ఆనలేదు. సేలం బస్సు ఏదని ఒకాయన్ని అడిగాను. నమ్మకం కుదరక పక్కనున్న ఆవిడను కూడా అడిగి, ఎక్కి కూర్చున్నాను.