శాలువాలన్నీ వెనక్కే

గోపన్‌పల్లి పెంటయ్య మన మహిళా రగ్బీ జట్టుకు వరుసగా కప్పులు తెచ్చిపెట్టిన కోచ్. కాలనీవాళ్లకు మాత్రం ఆయన కబడ్డీ సారే. సరిదిద్ది సరిదిద్ది ఆయనకే విసుగొచ్చింది.

పదవి వదిలిన రోజు గచ్చిబౌలిలో సన్మానం చేశారు. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనక వచ్చేవాళ్లకే అందించాలి. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? కప్పిన ప్రతి శాలువానూ పెంటయ్య క్షణంలో తీసి, వేదికపై తన వెనక నిలబడ్డ అమ్మాయిలకు అందించేశాడు.

వట్టి చేతులతో ఇల్లు చేరాక భార్య చంద్రమ్మ అంది:

"నన్నేమో గౌరవంగ ముందు కుర్చీల కూసోబెట్టిర్రు. ఎప్పటిలెక్క నీ ఎనకనే నిలబడితే ఒక్క శాలువన్న దొరుకుతుండె."