కాన్పుల వార్డు కిందికొచ్చింది

కాన్పుల వార్డు ఆయాను ఆసుపత్రిలో అందరూ పెద్దమ్మ అంటారు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, నొప్పులతో వచ్చినవాళ్ల నడుము పట్టుకుని ముప్పై ఎనిమిది మెట్లు ఎక్కించడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. "ఇంకెంత తల్లీ, వచ్చేశాం" అని సగం మెట్ల దగ్గరే అబద్ధమాడుతుంది. వార్డును కిందికి మార్చమని ఎన్ని అర్జీలు పెట్టినా రాజధాని నుంచి జవాబు రాలేదు. నిరుడు ఒకామె మెట్లమీదే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు.

ఈ ఏడు ఆసుపత్రి సంగతులు ఆసుపత్రే తేల్చుకోవచ్చని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టర్లు, ఊరివాళ్లు, సిబ్బంది కూర్చునే కమిటీలో పెద్దమ్మకూ కుర్చీ వేశారు. కుర్చీ అంచున కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ గంటసేపు అందరి మాటలూ వింది. కాన్పుల వార్డు మాట వచ్చినప్పుడు, "కింద ఖాళీ ఎక్కడుందమ్మా?" అని సూపరింటెండెంటు ఆమెవైపు తిరిగి నిట్టూర్చాడు.

"మీ ఆఫీసు ఉంది కద సార్. ఫైళ్లకు నొప్పులు రావు, పైనుంటే ఏం?" అంది పెద్దమ్మ.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. ముందుగా చెయ్యెత్తింది సూపరింటెండెంటే.

పది రోజుల్లో మంచాలు కిందికి దిగాయి. ఆ మర్నాడు రెండో కాన్పుకు వచ్చిన ఒకామె అలవాటుగా మెట్లవైపు నడిచింది.

"అటు కాదు తల్లీ, ఇటు!" అంటూ పెద్దమ్మ ఎదురుగా ఉన్న తలుపు తీసింది. ఆమెను పడుకోబెట్టి బయటికొచ్చి, ఖాళీ మెట్ల దగ్గర నిలబడి కళ్లొత్తుకుంది.