మూసిన గదిలో మోడెం

మా ఆవిడ పోయాక పడకగది తలుపు మూసేసి హాల్లోనే పడుకుంటున్నాను. టెలిఫోన్ లైను, మోడెం ఆ గదిలోనే ఉండిపోయాయి. మాటిమాటికీ లోపలికి వెళ్ళే పని లేకుండా, ఇంటి కరెంటు తీగల మీదుగానే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ల జత తెచ్చాను. ఒకటి మోడెం పక్కన, ఇంకొకటి హాల్లో పెట్టాను. ఇన్నాళ్ళూ బాగానే నడిచింది.

ఈ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. నెట్ మాత్రం రాలేదు. అంతలో పక్కింటి సుజాత పరుగున వచ్చింది.

"అన్నా, మా పిల్ల ఇంటర్ రిజల్ట్ జెర సూడుండ్రి. పొద్దుగాల్నుంచి బువ్వ గూడ తింటలేదు."

"మోడెం ఆగిందమ్మా. బంద్ చేసి మళ్ళ పెట్టాలె. లోపలుంది."

ఆమె తలుపు వైపు చూసింది. "వదిన రూములనా? నేను పోయి పెడ్త తియ్యన్నా."

"వద్దు. నేనే పోత."

లోపల మంచం మీద దుప్పటి మా ఆవిడ మడిచినట్టే ఉంది. స్విచ్ ఆపి మళ్ళీ వేసి, మోడెం దీపాలన్నీ వెలిగేదాకా అక్కడే నిలబడవలసి వచ్చింది.

పిల్ల పాసైంది. సుజాత నా నోట్లో చక్కెర పోసి వెళ్ళింది.

మా బీరంగూడలో కరెంటు రోజూ పోతుంది. గదిలోకి వెళ్ళకుండా మోడెం ఆపి మళ్ళీ వేసే ఉపాయం మీలో ఎవరికైనా తెలుసా?