బులాకీతో డ్యూటీకి

బాంబూఫ్లాట్ నుంచి చాతమ్ వెళ్ళే ఫెర్రీలో ఆ సోమవారం పొద్దున గవరమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటుంది, లేస్తుంది, రెయిలింగ్ దాకా వెళ్ళి వస్తుంది. మాటిమాటికీ ముక్కు తడిమి చూసుకుంటుంది. చెరో పక్కా ముక్కుపుడకలు, నడుమ పై పెదవి మీద ఊగుతూ బంగారు బులాకీ. అన్నీ ఉన్నాయి. ఉంటాయని ఆమెకీ తెలుసు. అయినా తడుముకోవడంలో ఉన్న సంతోషం ఆమెది, మనం కాదనడానికి లేదు.

ఇంతకీ సంగతేమిటంటే, గవరమ్మ పోర్ట్‌బ్లెయిర్‌లో ఓ పెద్ద హోటల్లో గదులు సర్దే పని చేస్తుంది. ఆ హోటల్లో జడ నుంచి చెప్పుల దాకా అన్నిటికీ రూళ్ళే. ముఖం మీద ఏ నగా కనిపించకూడదన్నది అందులో ఒకటి. గవరమ్మ బులాకీ చూస్తే అతిథులకి నిద్ర పట్టదని కనిపెట్టిన మహానుభావుడెవరో ఆ దేవుడికే తెలియాలి. ఉద్యోగం కావాలి కాబట్టి, ఏళ్ళ తరబడి ఆమె ఫెర్రీ ఎక్కగానే ఓ మూలకి తిరిగి అన్నీ తీసి కొంగున ముడేసుకునేది. సాయంత్రం తిరుగు ఫెర్రీలో మళ్ళీ పెట్టుకునేది.

తీసి పెట్టుకోవడం కూడా ఓ కష్టమేనా అంటారేమో. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడి నీళ్ళలో వేట సాగించిన కుటుంబం ఆమెది. ఆ ఇళ్ళలో మొగుడు సముద్రం మీద ఉన్నంతసేపూ పెళ్ళాం ముక్కు బోసిగా ఉండకూడదు. ముక్కు బోసిపోయేది మొగుడు తిరిగిరాని నాడే. ఆమె మొగుడు నూకన్నేమో చీకటితోనే డింగీ పడవ వేసుకుని వెళ్ళి పొద్దువాలాక వస్తాడు. అంటే గవరమ్మ డ్యూటీ చేసే వేళంతా అతను నీళ్ళ మీదే. దుప్పట్లు మారుస్తున్నా, అద్దాలు తుడుస్తున్నా ఆమెకు మనసు పీకుతూనే ఉండేది. గాలి కాస్త గట్టిగా వీచిందంటే తప్పంతా తనదేనని గుండె దడ. ఈ సంగతి నూకన్నకి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెబితే పని మానేయమంటాడు, లేదా వేటకెళ్ళడానికి తనే జంకుతాడు. రెండూ కుదిరేవి కావు.

అలాంటిది, పోయిన వారం హెచ్చార్ మేడమ్ లహరి స్టాఫ్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. లహరి ఇక్కడి గరాచర్మ ఊరి పిల్ల, తాతల నాడే దీవులకొచ్చిన తెలుగింటి అమ్మాయి. మెయిన్‌లాండ్‌లో ఉన్న హెడ్డాఫీసుతో నెలల తరబడి పోట్లాడి రూలు మార్పించింది. "సోమవారం నుంచి యూనిఫాం మీద మీ నగలు, పూలు, బొట్లు, పచ్చబొట్లు ఏవీ దాచక్కర్లేదు. మీ కల్చర్ మీతోనే రానివ్వండి, ఠీక్ హై?" అంది. గవరమ్మ ఆ మెసేజ్‌ని ఫోన్ వేడెక్కేదాకా విన్నది.

అందరూ విన్నారు. అక్కడే బోల్తా పడ్డారు. ఈ దీవుల్లో నీ కల్చర్ ఏమిటని ఎవరైనా అడిగారంటే, అది జనవరి ఇరవై ఆరు పరేడ్ కోసమే. చిన్నప్పటి నుంచీ అంతే. బెంగాలీలు ఒక వరస, తమిళులు ఒక వరస, రాంచీవాళ్ళు డోలుతో, తెలుగువాళ్ళు వలతో. కల్చర్ అన్న మాట చెవిన పడితే చాలు, ఇక్కడి జనం చేతులు వాటంతటవే పెట్టె అడుగున దాచిన వేషం మీదకు పోతాయి.

గవరమ్మ హోటల్ చేరేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ శివాజీ మోకాళ్ళ పైకి లుంగీ ఎగగట్టి, భుజాన తెడ్డు, మెడ చుట్టూ వలతో నిలబడి ఉన్నాడు. డింగీ ఎక్కితే వాంతులు చేసుకునే మనిషి!

"ఓలమ్మా, ఏట్రా ఇది?"

"కల్చర్, దీదీ! ఎలగుంది? ఝకాస్ కదా!"

లోపలికి వెళ్తే ఇంకా ఘోరం. వంటమనిషి బెంగాలీ పెళ్ళికొడుకులా పంచె కుచ్చిళ్ళు పట్టుకుని గుడ్లు ఉడకబెడుతున్నాడు. తోటమాలి డోలు వాయించేస్తున్నాడు. అతిథులు టిఫిన్లు వదిలేసి ఫోటోలకి ఎగబడ్డారు. డాన్సు ఎన్ని గంటలకని ఒకాయన అడిగాడు. గవరమ్మకి పట్టలేనంత నవ్వొచ్చింది. ఆ సందడిలో తనొక్కతే యూనిఫాంలో, బులాకీతో!

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. జనరల్ మేనేజర్ చంద్రమౌళి గదిలోంచి ఊడిపడ్డాడు. విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన మనిషి. అందరినీ పోర్టికోలో నిలబెట్టాడు.

"లహరిగారూ, ఇది హోటలా, సర్కసా? హెడ్డాఫీసుకి నేనేం చెప్పాలి? కొత్త రూలు ఈ క్షణం నుంచి రద్దు. వేషాలు తీసేసి పాత పద్ధతిలో రండి."

లహరి ముఖం పాలిపోయింది. ఆయన వరస వెంట నడుస్తూ, వల, డోలు, పంచె చూపిస్తూ, "తీసేయండి, తీసేయండి" అంటూ గవరమ్మ ముందుకొచ్చాడు. "మీరూనమ్మా, ఆ ముక్కువేషం తీసేయండి."

గవరమ్మ చెయ్యి అలవాటుగా ముక్కు దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. ఆ హోటల్లో ఆమె పెద్దవాళ్ళ ముందు తలెత్తి మాట్లాడిన పాపాన పోలేదు.

"ఇది వేసం కాదు సార్. ఇన్నేళ్ళూ రోజూ తీసేసి ఒచ్చేదాన్ని సూడండి, అదీ వేసం. మా ఆయన సంద్రం మీదున్నాడు. నాను తియ్యను."

తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు.

లహరి ఒక్క అంగలో ముందుకొచ్చింది. "సార్, నేను రూలు మార్పించింది సరిగ్గా ఈ మాట కోసమే. తప్పు నాది, సరిగా చెప్పలేకపోయాను. వేషాలన్నీ తీయించేస్తాను. రోజూ ఇంట్లో ఉండేదేదో అది ఉండనివ్వండి. ఒక్క నెల, ప్లీజ్."

చంద్రమౌళి గవరమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె చూపు దించలేదు. ఆయనకి ఏమనిపించిందో గానీ, శివాజీ వైపు తిరిగి, "మరి నీకు రోజూ ఉండేదేమిటయ్యా? తెడ్డా?" అన్నాడు.

శివాజీ తెడ్డు గోడకి ఆనించాడు. వల విప్పాడు. ఆలోచించి ఆలోచించి, చెవి తమ్మెకి ఎప్పుడూ అంటించుకునే బ్యాండేజీ పీకేశాడు. కింద మెరుస్తూ చిన్న పోగు. ఆ చెవికి మానని పుండేదో ఉందనే ఇన్నాళ్ళూ అందరూ జాలిపడేవారు. పోర్టికో అంతా గొల్లున నవ్వింది.

"సరే, నెలరోజులు చూద్దాం," అన్నాడు చంద్రమౌళి, నవ్వాపుకుంటూ. "డోలు మాత్రం బయటే!"

గవరమ్మ ఆ రోజు గదులు సర్దిందనడం కన్నా గదుల్లో ఎగిరిందనడం నయం. అద్దం తుడిచిన చోటల్లా ఆగి చూసుకుంది. కిటికీ తెరిచినప్పుడల్లా నీళ్ళకేసి చూసింది. మధ్యాహ్నం గాలి బాగానే లేచింది. ఆమె గుండె మాత్రం అదరలేదు.

సాయంత్రం బాంబూఫ్లాట్ రేవులో నూకన్న డింగీ కనబడగానే నీళ్ళ అంచుదాకా పరుగెత్తింది. ఈవేళ నువ్వెళ్ళిన కాడ్నించీ నా ముక్కు బోసిపోలేదని కేకేసి చెప్పాలి. మాట గొంతుదాకా వచ్చింది. అప్పుడు తట్టింది ఆమెకి. అది ఇన్నేళ్ళూ రోజూ బోసిపోతూ వచ్చిందని అతనికి తెలిస్తే కదా! నూకన్న కళ్ళకి ఇది రోజూ చూసే ముఖమే. లోకంలో ఎవరికి చెప్పుకోవాలో ఆ ఒక్క మనిషికే చెప్పుకోలేని సంతోషం అది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"ఏటే, ఈయాల అంత హుసారుగున్నావు?" అన్నాడు నూకన్న, తాడు విసురుతూ.

"నువ్వొచ్చావని," అంది గవరమ్మ, తాడు అందుకుని.

"రోజూ వత్తన్నాను కదే!"