పొడి గొడుగు ఎవరిది?

కనజవా బజారు వెనక సందులో కగియా షిజుయే మందుల దుకాణం నడిపేది. పొట్లం మీద పేరూ మోతాదూ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే చేతికిచ్చేది. అంత జాగ్రత్త గల మనిషి, ముప్ఫయ్యారో ఏట, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో బల్ల వెనక కూర్చుని ఒక హత్య కథ రాయడం మొదలుపెట్టింది. మూడేళ్లు పట్టింది. టోక్యోలో ఒక ప్రచురణ సంస్థ పెట్టిన పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. సంపాదకుడు తొగావా ఫోన్‌లో "సెన్సే!" అని, అంటే గురువుగారూ అని పిలిస్తే, పంతులుగారెవరైనా వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూసిందావిడ.

కథ ఇది. వాన కురుస్తున్న సాయంత్రం ఒక సత్రంలో యజమాని హత్యకు గురవుతాడు. ఆ వేళకు అందరూ బయట తిరుగుతున్నామంటారు. గుమ్మంలో ఐదు నల్ల గొడుగులుంటాయి. నాలుగు తడిసి ఉంటాయి, ఒకటి పొడిగా ఉంటుంది. పిడికున్న ఇత్తడి కట్టును బట్టి అది డాక్టరుదని తేలుతుంది. అంటే ఆయన బయటికి పోనేలేదు, హంతకుడు ఆయనే. చివరి అధ్యాయానికి ముందు ఒక పేజీలో షిజుయే ఇలా రాసింది: "ఆధారాలన్నీ మీ ముందున్నాయి. హంతకుడెవరో మీరే చెప్పండి."

పుస్తకం వచ్చిన రెండో నెలలో తకఓకా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన పేరు రొక్కాకు. గుడిగంటలు పోతపోసే పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి.

"అరవై మూడో పేజీలో యజమాని వదిన, 'నా గొడుగు ఏనాడూ నా చేతికి రాదు, ఎవరిదో పట్టుకుపోతాను' అంటుంది. ఆవిడ పొద్దున డాక్టరు గొడుగు తీసుకుని ఉంటే, ఆయన ఆవిడ గొడుగు వేసుకుని వానలోకి వెళ్లి ఉంటాడు. అప్పుడు పొడి గొడుగు వదిన చేతిలోది, సత్రంలో ఉండిపోయింది ఆవిడే. క్షమించాలి, హంతకి ఆవిడే కదండీ?"

షిజుయే నాలుగుసార్లు చదివింది. ఆ మాట పక్కింటావిడ రోజూ అనేదే. సరదాగా ఉంటుందని కథలో పెట్టింది, అంతే. ఇప్పుడు డాక్టరు వైపు చూస్తే డాక్టరే చేసినట్టుంది, వదిన వైపు చూస్తే వదినే చేసినట్టుంది.

భోజనాల దగ్గర భర్తను అడిగింది. మసనొబు సిటీ బస్సు డ్రైవరు.

"నాకు మొదట్నుంచీ కానిస్టేబుల్ మీదే అనుమానం," అన్నాడాయన.

"కానిస్టేబులా? ఎందుకండీ?"

"ఎప్పుడు చూడు టీ తాగుతుంటాడు. డ్యూటీలో ఉన్నవాడు అన్ని టీలు తాగుతాడా?"

తొగావాకు ఫోన్ చేసింది. ఆయన నవ్వాడు. "రెండో ముద్రణకు పోతున్నాం, ఇప్పుడెందుకు సెన్సే ఈ గొడవ?"

"అది సరే, ఇంతకీ చంపిందెవరండీ?"

"రాసింది మీరు కదా!"

"అదే నాకు తెలియడం లేదు."

ఆ ఆదివారం రైలెక్కి తకఓకా వెళ్లింది. రొక్కాకు పుస్తకం నిండా కాగితం ముక్కలు పెట్టి ఉన్నాయి.

"వదిన అన్న ఆ మాట తీసేస్తానండీ," అంది.

"అయ్యో, తీయకండి! పుస్తకం మొత్తంలో నేను నవ్వింది అక్కడొక్కచోటే."

తీస్తే కథలో ప్రాణం పోతుంది, ఉంచితే హంతకుడు మారిపోతాడు. తిరుగు ప్రయాణంలో ఆలోచిస్తూ దిగాల్సిన స్టేషను దాటిపోయింది. చివరికి రెండో ముద్రణలో డాక్టరు గొడుగును చిలకపచ్చ చేసేసింది. దాన్నెవరూ పొరపాటున పట్టుకుపోలేరు. అది బయటికొచ్చి వారం తిరక్కుండా తకఓకా నుంచి కార్డు వచ్చింది.

"చిలకపచ్చ గొడుగున్నవాడు 'వానలో తిరిగాను' అని అబద్ధమాడతాడా? ఊరంతా చూసి ఉండేది కదండీ."

ఇక లాభం లేదనుకుని, రెండో నవలను అచ్చుకు ముందే ఆయనకు పంపింది. మూడోదీ అంతే. ప్రతిసారీ కాగితం ముక్కలతో తిరిగొచ్చేది, ప్రతిసారీ ఆమె తల పట్టుకునేది. పత్రికల వాళ్లు మాత్రం ఆమె తర్కం మంచుగడ్డలా స్వచ్ఛమని రాసేవారు. చదివి ఎవరి గురించో అనుకునేది.

తొమ్మిదో నవలకు రొక్కాకు నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. "ఈసారి తప్పేమీ కనిపించలేదు." సంతోషించాల్సింది పోయి షిజుయే కంగారుపడింది. పుస్తకం నిజంగానే బాగుందా? ఆయనకు విసుగొచ్చిందా? తేల్చుకోలేక మళ్లీ రైలెక్కింది.

తలుపు తీసింది ఆయన తమ్ముడి కూతురు చికయో. పెద్దాయన కళ్లు మసకబారి ఆరు నెలలైందట, ప్రతిని ఆమే చదివి వినిపించిందట.

"మొత్తం చదివావా అమ్మా?" అడిగింది షిజుయే.

చికయో కాసేపు నసిగింది. "తాళాల లెక్కలూ రైలు వేళలూ వదిలేశానండీ. నిద్రొచ్చేస్తుంటే ఏం చెయ్యను?"

"ఒసేయ్! ఆయువుపట్టంతా వదిలేశావన్నమాట!" అని లోపలి నుంచి అరిచాడు రొక్కాకు.

షిజుయే అక్కడే మూడు రోజులు ఉండిపోయి మొదటి నుంచీ తానే చదివింది. రెండో రోజు మధ్యాహ్నం ఆయన చెయ్యెత్తాడు.

"ఆగండి. నర్సు తాళం మంగళవారమే ఇచ్చేసింది కదా, మరి గురువారం గది ఎలా తెరిచింది?"

పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. "నాకూ తెలియదండీ," అంది. ఎందుకో గుండె తేలికపడింది.

ఆ పుస్తకం ఆరు నెలలు ఆలస్యమైంది. తొగావా మండిపడ్డాడు. అప్పటి నుంచీ ప్రతి నవలనూ తకఓకా వెళ్లి పైకి చదివి వినిపించేది. ఎనభయ్యారో ఏట రొక్కాకు పోయేటప్పటికి పన్నెండోది సగంలో ఉంది. ఆపేద్దామనుకుంది. చికయోనే ఫోన్ చేసింది.

"మిగతాది కూడా తెచ్చి చదవండక్కా. తర్కం నాకు తెలియదు గానీ, ఎక్కడ నిద్రొస్తుందో చెప్పగలను."

షిజుయే వెళ్లింది. చదువుతుంటే చికయో నాలుగుచోట్ల ఆవలించింది. ఆ నాలుగుచోట్లా తప్పులున్నాయా, లేక రాత చప్పగా ఉందా అన్నది ఎంత ఆలోచించినా ఆమెకు అంతుపట్టలేదు. అయినా నాలుగింటినీ తిరగరాసి తొగావాకు పంపించింది.