చెల్లని బాప్తిస్మం

శాంతికుమార్ కోనసీమలో ఒక లంక ఊరి క్రైస్తవ గుడిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి. చదువు ఎనిమిదో క్లాసు, బాప్తిస్మం ఇచ్చే పాదిరీకి ఉండాల్సిన గురుపట్టా లేదు. పట్టా ఉన్న అయ్యగారు ఏరు దాటి ఎప్పుడో పండక్కి వచ్చేవారు గనుక, పుట్టిన పిల్లలకు ఇతనే బాప్తిస్మం ఇచ్చేసేవాడు. అది తప్పని ఊళ్లో ఎవరికీ తోచలేదు. తొంభై ఆరు తుపానులో జనమంతా గుడిలో తలదాచుకున్నప్పుడు, చిట్టెమ్మ అనే తల్లి ఒడిలో కొన ఊపిరితో ఉన్న పసిదానికి చూరు నీళ్లే దోసిట పట్టి బాప్తిస్మం ఇచ్చాడు. బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డకు పరలోకం లేదని ఆ ఊరి నమ్మకం. కాసేపటికే పిల్ల పోయింది. "దేవుడి దగ్గరే ఉందమ్మా" అన్న అతని మాట పట్టుకునే చిట్టెమ్మ మళ్లీ మనిషైంది.

ఐదేళ్ల తర్వాత ఉపదేశులందరినీ రాజమండ్రి పిలిచి క్లాసులు పెట్టారు. చరిత్ర చెప్పే లెక్చరరు ఇంగ్లండు కథ ఎత్తుకున్నాడు. తొమ్మిది వందల ఏళ్ల కిందట నార్మన్లనే పరాయివాళ్లు ఆ దేశాన్ని గెలుచుకున్నాక, సముద్రం అవతలి నుంచి కొత్త బిషప్పులు దిగారట. అక్కడి భాష రాని ఆ దొరలు, అప్పటిదాకా ఉన్న పెద్దల్ని పీఠాల మీంచి దింపేసి, పెళ్లాడినవాడికి ఇక గురుపట్టా లేదన్నారట. అప్పటికే పెళ్లయిన పల్లె గురువుల్ని మాత్రం పోనీలే అని వదిలేశారట.

"పోన్లెండి, ఆళ్లకి కాస్త జాలుందండి," అని శాంతికుమార్ నవ్వాడు. అలాంటిదే తన మెడకు చుట్టుకోబోతోందని పాపం అతనికేం తెలుసు!

ఆ ఏడే లంకకు కొత్త అయ్యగారు వచ్చారు. సంస్కరణ మంచిదే, కాదనను. కానీ ఈయనకు జాలి కూడా లేదు. పట్టా లేని చేతి బాప్తిస్మాలు చెల్లవు, అందరూ మళ్లీ తీసుకోవాలి, ఆ మాట ఉపదేశే ఆదివారం లేచి చెప్పాలి అన్నారు.

"చెప్పనంటే ఇల్లు ఖాళీ చెయ్యండి, శాంతికుమార్ గారూ."

ఆ ఇల్లు గుడిది. అందులో పక్షవాతంతో మంచం పట్టిన భార్య సత్యకుమారి ఉంది.

ఆదివారం అతను లేచాడు. "నేనిచ్చిన బాప్తిస్మాలు చెల్లవండి," అన్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి చిట్టెమ్మ లేచింది. "మరి మా పాప ఎక్కడుందండి?"

అయ్యగారు తర్వాతి కీర్తన నంబరు చెప్పారు.

ఆరాధన ముగియగానే శాంతికుమార్ ఆమె ఇంటికి పరుగెత్తాడు. తలుపు మూసి ఉంది. సిగ్గు విడిచి వీధిలోనే ఏడ్చాడు. "అబద్ధం చెప్పానమ్మా! ఇంటి కోసం చెప్పాను. నీ పాప దేవుడి దగ్గరే ఉంది, నన్ను నమ్ము."

"తుపానప్పుడు మీ మాటే నమ్మానండి," అంది చిట్టెమ్మ లోపలినుంచి. "పొద్దున గుళ్లోనూ మీ మాటే నమ్మానండి. ఇప్పుడింక దేన్ని నమ్మమంటారండి?"

ఆమె తలుపు తియ్యలేదు. గుడి ఇంట్లో అతను ఇంకా చాలా ఏళ్లు బతికాడు, దాన్ని బతుకు అనగలిగితే.